రెండో పడక ఎవరి పేరున

మెల్‌మొత్
2012 నవంబర్ 5, సోమవారం

తోలకెలెకు,

పొద్దున మంచు కమ్మింది, ఎండ ముదిరాక విడిపోయింది. మేకల దొడ్డికి పడిపోయిన వైపు కంచె బిగించాను. మీ పెద్దమ్మ మోకాలు కొంచెం నయం.

ఈ ఉత్తరం డర్బన్‌కి జనాన్ని తోలే టాక్సీ బోంగా చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనులో అడిగే సంగతి కాదు. రంపపు మిల్లు నా చెవుల్ని ఏం చేసిందో నీకు తెలుసు. పైగా మా కొండ మీద సిగ్నల్ దుకాణం అరుగు దగ్గర తప్ప దొరకదు. ఆ అరుగు మీద కూర్చునేవాళ్ళ చెవులు మాత్రం బాగానే పనిచేస్తాయి.

మొన్న మొక్కజొన్న పిండి బస్తా కోసం ఊళ్ళోకి వెళ్ళినప్పుడు కౌంటర్ మీద ఒక రంగుల కాగితం చూశాను. డర్బన్ రేవులో ఓడ ఎక్కితే మొజాంబిక్ వైపు దీవి దాకా తీసుకెళ్ళి, మూడు రాత్రులయ్యాక తిరిగి తెచ్చి దింపుతారట. దీవి పటం కూడా వేశారు. నువ్వు పనిచేసే ఆఫీసులో ఇలాంటి టికెట్లే అమ్ముతారని చెప్పావు.

నేను వెళ్ళాలి. ఒక గది కావాలి, అందులో పడకలు రెండు ఉండాలి. రెండు ఆవుల్ని అమ్మాను, కాబట్టి డబ్బు గురించి అడగకు.

ఓడ ఆ దీవి దగ్గర ఎంతసేపు ఆగుతుంది? మనిషి నీళ్ళకి ఎంత దగ్గరగా నిలబడవచ్చు? అందంగా చెప్పకు. ఉన్నదున్నట్టు చెప్పు.

మీ పెదనాన్న
మఫికా జుంగు


డర్బన్
2012 నవంబర్ 12

పెదనాన్నా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో కేక పెట్టాను. పక్క సీటు ప్రిషా ఉలిక్కిపడి, "ఏంటే, లాటరీ తగిలిందా?" అంది.

"మా పెదనాన్న ఆవుల్ని అమ్మి ఓడెక్కుతున్నాడు."

"ఏ పెదనాన్న? పోయినసారి వచ్చినప్పుడు కదిలే మెట్లు ఎక్కనంటే ఎక్కనని మాల్ అంతా నడిచి తిరిగాడే, ఆయనా?"

ఆయనే అన్నాను. ఇద్దరం నవ్వి నవ్వి అలిసిపోయాం. కోపం తెచ్చుకోకు, సంతోషంతో నవ్వాం. పెద్దమ్మని తీసుకుని ఇన్నేళ్ళకి ఒక సరదా తీర్చుకుంటున్నావు. ఎప్పుడో చేయాల్సింది.

ఉన్నదున్నట్టు చెప్పమన్నావు కదా, నా ఉద్యోగమే అది. ఆ కాగితం మీద ఒక జంట నిలబడి ఉంటారు, చేతుల్లో గ్లాసులు, వెనక నీలం సముద్రం, చుట్టూ పిట్ట కూడా ఉండదు. ఆ ఫొటోలో పట్టనివాళ్ళు రెండువేలమంది ఉంటారు. వాళ్ళంతా నీకంటే ముందు అన్నం దగ్గరికి వస్తారు. నీ డబ్బుకి వచ్చేది కిటికీ లేని గది. తలుపు తెరిస్తే మంచానికి కొట్టుకుంటుంది. నీ మేకలు అంతకంటే విశాలంగా బతుకుతున్నాయి. దీపం ఆర్పితే పగలో రాత్రో తెలీదు. తిండికి లోటుండదు, కానీ చల్లటి బీరుకి విడిగా డబ్బు కట్టాలి, ఆ బిల్లు చివరిరోజు తలుపు కిందనుంచి జారుతుంది. కడుపులో తిప్పుతుంది, మాత్ర నేనిస్తాను. పైన ఈతకొలను పక్కన ఒకడు పొద్దస్తమానం పాటలు మోగిస్తూనే ఉంటాడు. నీకు చెవులు వినబడకపోవడం అక్కడ కలిసొస్తుంది.

అసలు సంగతి దీవి. ఓడ దీవిని ఆనుకోదు. దూరంగా లంగరేసి చిన్న పడవల్లో దింపుతారు. గాలి ఎక్కువుంటే దింపరు, అటునుంచటే వెనక్కి. అది నా చేతుల్లో లేదు, కెప్టెన్ చేతుల్లో కూడా లేదు. ప్రతి సీజన్లో ఎవరో ఒకరు వచ్చి నా బల్ల గుద్ది, "దీవి చూపిస్తానన్నావ్!" అని అరుస్తారు. అందుకే అందరికీ ముందే చెప్తా: దీవి దొరికితే మీ అదృష్టం, దొరక్కపోతే ఓడే దీవి అనుకోండి. దారి మధ్యలో మాత్రం ఎక్కడా ఆగదు. ఎవరికోసమూ ఆగదు.

ఇంకోటి. పళ్ళు, మాంసం, మొక్కలు, ఇంట్లో కాచిన బీరు లోపలికి రానివ్వరు. పెద్దమ్మ కోడిని వేయించి మూట కట్టకముందే చెప్పు.

ఫిబ్రవరి 8న ఒక ఓడ ఉంది. పెద్దమ్మ గుర్తింపు కార్డు నంబరు పంపించు. ఆమె ఓడలో వేసుకోవడానికి టోపీ నేను కొంటాను, నువ్వు మధ్యలోకి రాకు.

నీ తోలకెలె


మెల్‌మొత్
2012 నవంబర్ 19, సోమవారం

తోలకెలెకు,

రాత్రి వాన పడింది. వాగు పక్క మడిలో చేమదుంపలకి మట్టి ఎగదోశాను.

ఫిబ్రవరి 8 మంచిది. మీ పెద్దమ్మ రావడం లేదు. టోపీ కొనకు.

రెండో పడకకి పూర్తి డబ్బు తీసుకో, పేరు మాత్రం రాయకు. వెళ్ళేటప్పుడు ఆ పడక అవసరం లేదు, తిరిగి వచ్చేటప్పుడే కావాలి. దీవి దగ్గర ఎక్కే మనిషికి టికెట్ ఎలా ఇస్తారో కనుక్కో. ఆ మనిషి దగ్గర కాగితాలేవీ లేవు.

గాలి సంగతి చెప్పడం మంచిదైంది. నేను దీవి మీదికి దిగనక్కరలేదు. దీవి పక్కన ఉన్న దీపస్తంభం ఓడ మీదినుంచి కనబడుతుందా?

ఈ సంగతులు మీ చర్చిలో ఎవరితోనూ అనకు.

మఫికా జుంగు


డర్బన్
2012 నవంబర్ 26

పెదనాన్నా,

ఉత్తరం ప్రిషాకి చదివి వినిపించకుండా ఉండాల్సింది. విని ఆమె నవ్వలేదు. "పెద్దవాళ్ళ విషయం, నువ్వు తలదూర్చకు" అంది. తలదూర్చక ఏం చేయను?

ఎవరావిడ? దీవి దగ్గర ఎక్కుతుందట. కాగితాల్లేవట. వచ్చేటప్పుడు నీ గదిలో పడుకుంటుందట. చర్చిలో చెప్పకూడదట. పెద్దమ్మ మోకాలు పట్టుకుని నీకు పొయ్యి రాజేస్తుంటే, నువ్వు ఆవుల్ని అమ్మి మొజాంబిక్ నుంచి ఒక మనిషిని తెచ్చుకుంటావా? ఆ మనిషిని ఎక్కడ పరిచయం చేసుకున్నావు? మిల్లులో పనిచేసేటప్పుడా? ఇన్నేళ్ళూ దాచావా?

కాగితాల్లేని పేద ఆడవాళ్ళని తీసుకొచ్చి ఏం చేస్తారో నాకు తెలుసు. ఓడలో అలాంటి పని చేస్తే నిన్ను పోలీసులకి అప్పగిస్తారు, నా ఉద్యోగం పోతుంది. అంత సులువనుకున్నావా?

మా నాన్న ఉంటే నిన్ను ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవాడు. ఆయన లేడు కాబట్టి నేను అడుగుతున్నా.

రెండో పడక పెద్దమ్మ పేరున రాసేశాను. ఆమె పుట్టినతేదీ నా దగ్గర ఉంది. వెళ్తే ఆమెతో వెళ్ళు, లేకపోతే ఇంట్లో కూర్చో.

తోలకెలె


మెల్‌మొత్
2012 డిసెంబర్ 3, సోమవారం

తోలకెలెకు,

ఎండ బాగా ఉంది. ఉత్తరం మొదలుపెట్టి చించి, మళ్ళీ మొదలుపెట్టాను. ఈ మధ్యలో మేకలకి డెక్కలు కోశాను.

దీవి దగ్గర ఎక్కవలసింది ఆడమనిషి కాదు. మీ నాన్న.

తమ్ముడు సబేలో ఎక్కిన రొయ్యల పడవ ఆ దీవి దీపస్తంభానికి దగ్గర్లోనే మునిగిందని బతికి బయటపడ్డ వంటవాడు చెప్పాడు. దేహం దొరకలేదు. ఆ రోజుల్లో అక్కడిదాకా పోవడానికి నాకు దారి లేదు. పడవ యజమాని దగ్గరికి వెళ్తే, నీళ్ళ మీద చోటు ఎలా చూపిస్తామయ్యా అన్నాడు. అతనన్నది నిజమే. కానీ దుకాణంలో కాగితం మీద ఆ దీవి పేరు చూశాక నాకు ఆగబుద్ధి కాలేదు.

మా నాన్న గనిలో పోయిన మా బాబాయిని ఎలా తెచ్చాడో నేను చిన్నప్పుడు వెంట ఉండి చూశాను. మా అడవి రేగు కొమ్మ పట్టుకుని, పోయిన చోట నిలబడి పేరు పెట్టి పిలవాలి. ఆ తరువాత అతను కొమ్మతోపాటు వస్తాడు. దారిలో అతనికి సీటు కొనాలి, పడక ఇవ్వాలి. నది వస్తే నది దాటుతున్నామని గట్టిగా చెప్పాలి, లేకపోతే నీళ్ళ దగ్గర వెనకబడతాడు. తెచ్చేవాడు ఇల్లు చేరేదాకా అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు.

మీ తాత, నానమ్మ ఇంటి వెనకే సమాధుల్లో ఉన్నారు. సబేలో ఒక్కడే బయట, నీళ్ళలో ఉండిపోయాడు. ఇంట్లో ఏ కార్యం చేసినా అందరి పేర్లూ పిలుస్తాను. అతని పేరు దగ్గరికొచ్చేసరికి నా నోరు ఆగుతుంది, ఎటు తిరిగి పిలవాలో తెలియక. నాకు కొడుకులు లేరు. నేను పోతే అతన్ని పిలవడానికి వరసైన మగవాడు మన ఇంట్లో ఎవరూ మిగలరు.

నీతో ముందు ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు. మీ నానమ్మ కార్యానికి వచ్చి నువ్వు గేటు బయట కారులోనే కూర్చున్నావు. నీ నమ్మకం నీది, అడగను. అది పూర్తయ్యాక చెబుదామనుకున్నాను.

మీ పెద్దమ్మకి మొదటినుంచీ తెలుసు. నీ ఉత్తరం ఆమే చదివింది. కోపం రాలేదు, చాలాసేపు నవ్వింది, "ఇన్నాళ్ళకి నీ మీద ఒకరికి అనుమానం వచ్చింది" అంది. ఆమె పేరు తీసెయ్. ఆ పడక మీద మనిషి పడుకోకూడదు.

మఫికా జుంగు


డర్బన్
2012 డిసెంబర్ 14

పెదనాన్నా,

ఇన్ని రోజులూ కలం పట్టుకోలేకపోయాను. ముందు నేను అన్న మాటలకి క్షమించు. పెద్దమ్మని కూడా క్షమించమను. అది వేరే సంగతి. ఇది వేరే సంగతి.

మా చర్చి గురించి నువ్వు అనుకుంటున్నావు. చర్చి పక్కన పెట్టు. అమ్మ గురించి ఆలోచించు. నాన్న పోయాక ప్రతి రాత్రీ అమ్మ ఆయన కంచం పెట్టేది. పొద్దున ఆ అన్నం కోళ్ళకి వేసేది. నేను ఏడేళ్ళ పిల్లని, ఆ కంచం ముందు కూర్చుని తినేదాన్ని. తలుపు చప్పుడైతే చాలు ముద్ద చేతిలోనే ఉండిపోయేది. నేను పెద్దదాన్నయి, కంచం తీసి అలమరలో పెట్టి, ఆయన రాడు అమ్మా అని నేనే చెప్పాను. ఆ మాట అనడానికి నాకు ఎంత పట్టిందో నీకు తెలీదు. ఇప్పుడు నువ్వు నాన్నకి కంచం బదులు పడక పరుస్తున్నావు.

ఓడ టికెట్లు అమ్మేదాన్నిగా చెప్తున్నా, విను. కొమ్మని గేటు దగ్గరే లాక్కుంటారు. ఓడ ఆయన పోయిన చోట ఆగదు, ఆ చోటు ఏదో ఎవరికీ తెలీదు. గాలి లేస్తే దీవి కూడా దక్కదు. నువ్వు ఒట్టి చేతులతో తిరిగొస్తావు. పెద్దమ్మ అన్నం పెడుతుంది, నువ్వు తినవు. ఇంకోసారి ఆయన్ని పోగొట్టుకుంటావు, నన్ను కూడా ఇంకోసారి పోగొట్టుకునేలా చేస్తావు. ఇదీ నీకు ఉన్నదున్నట్టు చెప్పడం.

పెద్దమ్మ పేరు తీసేశాను. రెండో పడక ఖాళీగా ఉంటుంది, డబ్బు కట్టాను. నేను చేయగలిగింది అంతవరకే.

తోలకెలె


మెల్‌మొత్
2013 జనవరి 7, సోమవారం

తోలకెలెకు,

వడగళ్ళు పడ్డాయి. మొక్కజొన్న సగం ఒరిగిపోయింది. నిలబెట్టగలిగినవి నిలబెట్టాను.

నీ ఉత్తరం జాగ్రత్తగా చదివాను. కంచం సంగతి నాకు తెలియదు. మీ అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

నేను పెద్దగా ఏమీ ఆశించడం లేదు. ఓడ ఆగదని చెప్పావు, నమ్మాను. చోటు తెలియదన్నావు, అదీ నిజమే. కానీ వెళ్ళకుండా ఇంట్లో కూర్చుంటే ఎటు తిరిగి పిలవాలో ఎప్పటికీ తెలియదు. వెళ్తే కనీసం అటు తిరుగుతాను.

ఒక్కటి అడుగుతున్నాను. 11వ తేదీ పొద్దున ఓడ దిగేసరికి నేను ఎవరితోనూ మాట్లాడకూడదు. దారి అడగలేను. రేవు గేటు దగ్గరినుంచి టాక్సీ దాకా తీసుకెళ్ళడానికి మనిషి కావాలి.

మఫికా జుంగు


డర్బన్
2013 జనవరి 17

పెదనాన్నా,

బోంగాతో మాట్లాడాను. 11న టాక్సీ రేవు గేటు దగ్గరికే తెస్తాడు. వాంతి మాత్రలు పంపుతున్నా, ఓడ కదలకముందే వేసుకో.

నేను రాలేను. పనుంది.

తోలకెలె


ఓడలో
2013 ఫిబ్రవరి 10, ఆదివారం

తోలకెలెకు,

ఎండ, గట్టి గాలి. చొక్కా గదిలోని చిన్న తొట్టిలో ఉతికి ఆరేశాను. ఆరలేదు.

నువ్వు చెప్పినవన్నీ చెప్పినట్టే ఉన్నాయి. దీపం ఆర్పితే గోతిలో ఉన్నట్టుంది. అన్నం దగ్గర వరస ఉంది, వరసలో దూరేవాళ్ళూ ఉన్నారు. ముందే తెలుసు కాబట్టి నాకు చికాకు రాలేదు. నా పక్కగదివాళ్ళు మాత్రం కిటికీ ఏదని పొద్దంతా పోట్లాడారు.

రేవు గేటు దగ్గర సంచుల్ని ఒక యంత్రంలోంచి పంపిస్తారు. తెర ముందు కూర్చున్న అమ్మాయి నా సంచీ ఆపింది.

"ఏంటిది పెద్దాయనా?"

"కొమ్మ."

"మొక్కలు పోనివ్వరు. ఎందుకిది?"

"తమ్ముడికి."

ఆమె తెర మీదికి వంగింది. "ఎక్కడ?" అంది.

"నీళ్ళలో."

"గుడ్డ సరిగ్గా చుట్టుకో. ముళ్ళు బయటికొచ్చాయి," అని సంచీ నా వైపు తోసింది. నా వెనకవాళ్ళతో గట్టిగా, "రండి రండి, ఇక్కడేమన్నా పెళ్ళా, నిలబడ్డారు?" అంది.

ఈ పొద్దున గోడలోంచి కెప్టెన్ మాట్లాడాడు. నాకు వినబడలేదు, చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు పడిపోవడం చూశాను. పీటర్‌మారిట్స్‌బర్గ్ నుంచి ఒక చీటీ సంఘం ఆడవాళ్ళు వచ్చారు, అందరూ పసుపుపచ్చ చొక్కాల్లో ఉన్నారు. వాళ్ళ పెద్ద మాఖోజా నా చెవి దగ్గరికొచ్చి అరిచింది:

"దీవి లేదంట! గాలంట! వెనక్కి తిప్పేస్తున్నారు! ఏడాదంతా చీటీ కట్టాం. తెల్లారకముందే నూనె రాసుక్కూర్చున్నా, చూడు నా మొహం, వేపుడుకి తయారైన కోడిలా లేదూ?"

నాకు నవ్వు రాలేదు. దీపస్తంభం ఎటు అని అడిగాను. ఆమె ఓడ పనివాణ్ణి చొక్కా పట్టుకుని ఆపింది. అతను చేయి చూపించాడు. దూరంగా తెల్లటి పుల్లలా ఉంది. అప్పటికే ఓడ తిరుగుతోంది.

గదికి వెళ్ళి కొమ్మ తెచ్చాను. తిరిగి పైకి ఎక్కేసరికి ఆ పుల్ల వెనక్కి జరిగిపోయింది. ఈతకొలను పక్కన పాటలు మోగుతున్నాయి. నా చెవులకే అంత మోతగా ఉంటే సబేలోకి నా గొంతు ఎలా అందుతుంది? కమ్మీ పట్టుకుని, అతని పేరుతోపాటు మన వంశం పేర్లు కూడా పెట్టి పిలిచాను.

"సబేలో! జుంగు! మంజినీ! నేనురా, మఫికాని. ఇంటికి పోదాం, రా!"

గాలి ఆ మాటల్ని నా నోట్లోకే తోసింది. ఇంకా గట్టిగా పిలిచాను. ఎవరో నవ్వారు, తాగానని అనుకుని ఉంటారు. అప్పుడు వెనకనుంచి మాఖోజా అరుపు. అది నాకు కూడా వినబడింది.

"ఒరేయ్, ఆ డబ్బా ఆపరా! పెద్దాయన ఎవరినో పిలుచుకుంటున్నాడు, కళ్ళు లేవూ నీకు?"

మోత ఆగింది. వెనక్కి చూస్తే కొలనులో ఉన్నవాళ్ళు నీళ్ళు కారుతూ ఉన్నచోటే నిలబడ్డారు. కొందరు టోపీలు తీశారు. తెలియనివాళ్ళకి తెలిసినవాళ్ళు చెవిలో చెబుతున్నారు. ఆ పుల్ల కనబడినంతసేపూ పిలిచాను. కనబడకుండా పోయాక కూడా పిలిచాను. తరువాత నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

కొమ్మ బరువెక్కుతుందని పెద్దలు చెబుతారు. నాకు తెలియలేదు.

మాఖోజా ముందు నడిచి, "తప్పుకోండమ్మా, ఇద్దరొస్తున్నారు" అంటూ గది దాకా దారి చేసింది. కొమ్మని రెండో పడక మీద పెట్టి దుప్పటి కప్పాను.

ఇక నేను మాట్లాడకూడదు. రాయకూడదో రాయవచ్చో మా నాన్న చెప్పలేదు. ఆయనకి రాయడం రాదు. అందుకని రాస్తున్నాను.

నా గొంతు పూర్తిగా పోయింది. పడక దగ్గర కూర్చుని చెబుదామంటే ఊపిరే వస్తోంది. రేపు ఉమ్‌గేని ఉంది, తుకేలా ఉంది, ఇంటి దగ్గర ఉమ్‌హ్లతుజె ఉంది. ఆ మూడు నదుల దగ్గరా అతనికి నోటితో చెప్పాలి. సైగలు చేస్తే చాలదు. బోంగా చెబితే చెల్లదు, అతను మనవాడు కాదు. చెప్పడానికి సబేలో రక్తం కావాలి.

నువ్వు రానన్నావు. అయినా ఈ కాగితం జేబులో పెట్టుకుని దిగుతాను.

మఫికా


మెల్‌మొత్
2013 ఫిబ్రవరి 13, బుధవారం

తోలకెలెకు,

చినుకులు. పనేమీ చేయలేదు. కొమ్మని గేటు పక్క పాకలో, గుడ్డలో ఉంచాను. మీ పెద్దమ్మ దాని పక్కనే చాప వేసుకుంది.

11న రేవు గేటు బయట నువ్వు నిలబడి ఉన్నావు. కాగితం తీసుకుని అక్కడే చదివావు. ముందు సీట్లో నేను, నా పక్క సీట్లో అతను. బోంగా అతని సీటుకి డబ్బు వద్దంటే నువ్వు అతని జేబులో కుక్కావు. ఆ తరువాత నువ్వు చిట్టచివరి వరసలో కూర్చున్నావు, మధ్యలో జనం, మూటలు, పాటలు.

నాకేమీ వినబడలేదు. తుకేలా వంతెన మీద వెనక్కి తిరిగి చూస్తే నీ నోరు కదులుతోంది. అతనితో అన్నావో, పక్కనున్నామెతో అన్నావో తెలియదు. ఇంటి దగ్గర నువ్వు దిగలేదు. అదే టాక్సీలో వెనక్కి వెళ్ళిపోయావు. నీ మొహం చూస్తే ఆపాలనిపించలేదు, ఆపడానికి నాకు నోరు కూడా లేదు.

శనివారం మేకని కోసి అతన్ని లోపలికి పిలవాలి. బంధువులకి కబురు వెళ్ళింది. దానికి ముందు నాకు తెలియాలి. మూడు నదుల దగ్గరా చెప్పావా? ఒక్కచోట తప్పినా అతను అక్కడే నిలబడి ఉంటాడు, నేను ఆ నదికి వెళ్ళి మళ్ళీ పిలుచుకు రావాలి. అది తెలియకుండా ఖాళీ కొమ్మకి మేకని కోయలేను.

గొంతు కొంచెం తిరిగి వచ్చింది. కానీ నేనింకా ఎవరితోనూ నోరు తెరవలేదు.

నన్ను సంతోషపెట్టడానికి రాయకు. ఉన్నదున్నట్టు రాయి.

మఫికా


డర్బన్
2013 ఫిబ్రవరి 14

పెదనాన్నా,

మూడు చోట్లా చెప్పానని రాస్తే ఈ ఉత్తరం ఇక్కడితో అయిపోయేది. బోంగా కింద హారన్ కొడుతున్నాడు కూడా.

ఉమ్‌గేని దగ్గర చెప్పాను. కిటికీ వైపు తిరిగి, "ఉమ్‌గేని దాటుతున్నాం" అన్నా. అంతే. ఎవరికి చెప్తున్నానో ఆ మాట అనలేదు, నోరు రాలేదు. పక్కన కోళ్ళ బుట్టతో ఉన్నామె, "ఎవరమ్మా ముందున్నది?" అంది. "మా నాన్న" అన్నా. ఎన్నేళ్ళయిందో ఆ మాట బయటికి అని. ఆమె, "సముద్రంనుంచా? పాపం, తడిసి ఉంటాడు" అంది. అదేం మాట! నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తుకేలా దగ్గర, "నాన్నా, తుకేలా దాటుతున్నాం, వెనకబడకు" అని గట్టిగా అన్నా. నువ్వు వెనక్కి తిరిగింది అప్పుడే.

ఆ తర్వాత ఆగలేకపోయాను. కంచం సంగతి చెప్పా. కోళ్ళు నీ అన్నం తిని బలిశాయి, మేం వాటిని కోసుకు తిన్నాం అని చెప్పా. అమ్మ ఎలా పోయిందో చెప్పా. నువ్వు మునిగిన సముద్రానికే టికెట్లు అమ్మి బతుకుతున్నా, ఒక్కసారీ ఎక్కలేదు, భయం అని చెప్పా. తర్వాత తిట్టాను. రొయ్యల కోసం అంత దూరం ఎవడు పొమ్మన్నాడు, ఇక్కడ చెరుకు కొట్టుకు బతకలేకపోయావా, నీళ్ళలో తేల్చే ఆ చొక్కా ఎందుకు కట్టుకోలేదు అని. కోళ్ళామె నా చేయి పట్టుకుని, "తిట్టమ్మా, తిట్టు, వింటాడు" అంటూనే ఉంది. తల ఎత్తి చూసేసరికి దుంగల లారీలు, మెల్‌మొత్ వచ్చేసింది.

ఉమ్‌హ్లతుజె ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. అక్కడ చెప్పలేదు, పెదనాన్నా.

ఇంటి దగ్గర అందుకే దిగలేదు. నీ మొహం చూడలేకపోయాను. ఆవుల్ని అమ్మావు, గొంతు పోగొట్టుకున్నావు, ఇంటి ముందరి నది దగ్గర నేను పాడుచేశాను. నువ్వు నన్ను రమ్మనలేదు, నేనే రానన్నాను, మళ్ళీ వచ్చి ఇలా చేశాను.

శనివారం తెల్లవారుజామునే వస్తాను. ఆ నదికి మనిద్దరం వెళ్దాం. కొమ్మ నువ్వు పట్టుకో. పిలిచేది నేను పిలుస్తాను.

తోలకెలె


మెల్‌మొత్
2013 ఫిబ్రవరి 15, శుక్రవారం

తోలకెలెకు,

తెల్లగా తెల్లారింది, వాన జాడ లేదు. పెద్ద గుడిసె లోపల పేడతో అలికాను. ఇది మీ పెద్దమ్మ పని, మోకాలివల్ల నేను చేశాను.

నీ ఉత్తరం రాత్రి అందింది. నాకు నోరు లేదు కాబట్టి మీ పెద్దమ్మ చేతికిచ్చాను. పాకలో దీపం పెట్టుకుని చదివింది. చదివి మడిచి, కొమ్మ వైపు చూసి, "విన్నావా, నది సంగతి మర్చిపోయిందంట" అంది. తరువాత నా వైపు తిరిగి, నా చెవి దగ్గర గట్టిగా, "కూతురు అన్నేళ్ళ కోపం కక్కుతుంటే ఏ తండ్రయినా మధ్యలో దిగి నిలబడతాడా? నువ్వయితే దిగుతావా?" అంది.

దాని మీద రాత్రంతా ఆలోచించాను. నది దగ్గర చెప్పమన్నది, అతని ధ్యాస నీళ్ళ మీదికి పోకుండా ఉండడానికి. మా నాన్న కారణం చెప్పలేదు, నాకు అలా తోస్తోంది. నువ్వు మాట్లాడుతూ ఉన్నంతసేపూ అతని ధ్యాస ఎటు ఉంటుంది? నువ్వు నదిని చూడలేదు. అతనూ చూసి ఉండడు.

శనివారందాకా ఆగకుండా పొద్దున్నే కొమ్మని పెద్ద గుడిసె లోపలికి తీసుకెళ్ళాను. వెనక గోడ దగ్గర, పోయిన పెద్దలకి ఉంచిన చోట, మీ తాత పక్కన పెట్టాను. అప్పుడు నోరు తెరిచాను. మొదటి మాటగా అతని పేరు పిలిచాను. ఈసారి ఎటు తిరగాలో నాకు తెలిసింది.

నదికి వెళ్ళనక్కరలేదు. నేరుగా ఇంటికే రా. గేటు బయట కూర్చోకు. మేక కట్టేసి ఉంది. ఓడ దిగేటప్పుడు మాఖోజా నా చేత ఊరి పేరు, రోజు రాయించుకుంది; పీటర్‌మారిట్స్‌బర్గ్ నుంచి వస్తానని కబురంపింది, పసుపుపచ్చ చొక్కాలవాళ్ళని ఎంతమందిని తెస్తుందో చెప్పలేదు. కాబట్టి కట్టెలు ఎక్కువ కావాలి. రెండు దుంగలు చీల్చాను, మూడోది సగంలో ఉంది. గేటు దగ్గర బోంగా టాక్సీ ఆగింది, శుక్రవారం ఈ వేళకి అతను ఎప్పుడూ రాడు. మీ పెద్దమ్మ కర్ర కూడా పట్టుకోకుండా నడుస్తోంది అటు. ఎవరో దిగారు, చేతిలో టోపీ ఒకటి ఉంది. గొడ్డలి దుంగలోనే ఉండిపోయింది, ఈ ఉత్తరం ఇక బోంగాకి ఇవ్వనక్కరలేదు, నేనే గేటు దగ్గరికి వెళ్తున్నాను.